అడిగినవాళ్లు మళ్లీ రావాలి
(మాక్లూర్‌లో ఇచ్చిన స్మారకోపన్యాసం పాఠం)



ఇవాళ మనం స్మరించుకుంటున్న సారు పాఠం చెప్పిన సబ్జెక్టు మీదే మాట్లాడమని నిర్వాహకులు అడిగారు. ఆయన హైస్కూల్లో సోషల్ చెప్పేవారు. మన బడిలో సోషల్ అంటే చరిత్ర, భూగోళం, పౌరశాస్త్రం, ఆర్థికశాస్త్రం అన్నీ కలిసిన ఒకే పుస్తకం. యూనివర్సిటీకి వెళ్లేసరికి అవన్నీ వేరువేరు శాఖలైపోతాయి. సమాజశాస్త్రం ఒక అంతస్తులో, ఆర్థికశాస్త్రం ఇంకో అంతస్తులో, మనస్తత్వశాస్త్రం వేరే భవనంలో ఉంటాయి. మనిషి మాత్రం ఎక్కడా ముక్కలుగా ఉండడు. పసుపు అమ్మే రైతే బిడ్డకు సంబంధం చూస్తాడు, కొడుకును దుబాయ్ పంపుతాడు, ఊరి కమిటీ మాటకు తల వంచుతాడు, ఓటేస్తాడు. ఆ మనిషి గురించి శాస్త్రాలు ఏం తెలుసుకున్నాయి, ఎట్లా తెలుసుకున్నాయి, తెలుసుకున్నదాన్ని ఎవరికి చెప్పాయి అన్నదే ఈరోజు నా విషయం.

సారుకు ఒక అలవాటుండేది. జనాభా లెక్కల డ్యూటీ పడితే ఇల్లిల్లూ తిరిగి ఫారాలు నింపి అప్పజెప్పడంతో ఆయన పని అయిపోయేది కాదు. కొన్నేళ్లకు లెక్కలు బయటికి వచ్చాక మండలాఫీసుకు వెళ్లి ఊరి అంకెలు రాసుకొచ్చేవారు. బడిలో నల్లబల్ల మీద వాటిని పెద్ద అక్షరాలతో రాసి సాయంత్రం ఊరివాళ్లను పిలిచేవారు. మొత్తం జనం ఎంత, ఆడవాళ్లెంత, చదువొచ్చినవాళ్లెంత, పని చేసేవాళ్లెంత. 2001 లెక్కలు వచ్చినప్పుడు జరిగిన సంగతి ఆయన చెప్పగా విన్నాను. పని చేసే ఆడవాళ్ల సంఖ్య చదవగానే వెనక కూర్చున్న బీడీలు చుట్టే అమ్మలు గట్టిగా అందుకున్నారట. "గిదేంది సారూ, మేం పని జేస్తలేమా? దినాం బీడీలు జేసుడు, నాట్లకు వోవుడు, పసుపు తొవ్వుడు ఎవరు జేస్తున్నరు?"

సారు దగ్గర దానికి జవాబు ఉంది. జనగణన లెక్క ప్రకారం ఏడాదిలో 183 రోజులో అంతకన్నా ఎక్కువో పని చేసినవాళ్లు ప్రధాన శ్రామికులు. అంతకు తక్కువ చేసినవాళ్లు ఉపాంత శ్రామికులు. సొంత చేనులో జీతం లేకుండా చేసినా అది పనే. ఇంట్లో కూర్చుని చుట్టే బీడీ గృహపరిశ్రమ కిందికి వస్తుంది. నిర్వచనంలో ఆడవాళ్ల పనికి చోటు ఉంది. చోటు లేనిది అరుగు మీద జరిగే సంభాషణలో. "ఇంట్లో ఎవరెవరు పని చేస్తారు?" అని ఎన్యూమరేటర్ అడుగుతాడు. మంచం మీద కూర్చున్న ఇంటాయన "నేను, నా పెద్దకొడుకు" అంటాడు. "మీ ఇంటామె?" అని అడిగితే "ఆమె ఇంట్లనే ఉంటది" అంటాడు. లోపల ఆమె ఒడిలో చాట పెట్టుకుని తునికాకు కత్తిరిస్తూ ఉంటుంది. ఫారంలో ఆమె గడి ఖాళీగా పోతుంది.

ఈ సంగతిని నేను చాలాసార్లు తలచుకున్నాను, పరిశోధన చేసే పిల్లలకు చాలాసార్లు చెప్పాను. ఆ సాయంత్రం బడిలో జరిగింది అసలైన పరిశోధన. అంకెలు తీసుకున్న ఊరికి అంకెలు తిరిగి వచ్చాయి. వచ్చిన వెంటనే వాటిలోని తప్పును ఊరు పట్టుకుంది. ఢిల్లీలో ఎంత పెద్ద కంప్యూటర్ ఉన్నా అంత తొందరగా పట్టుకోలేదు. ఫలితాలను ఊరికి చెప్పడమంటే మర్యాద కోసం చేసే పని అని చాలామంది పరిశోధకులు అనుకుంటారు. అది పరిశోధన పద్ధతిలో ఒక భాగమని, దాన్ని వదిలేస్తే లెక్క సగంలో ఆగినట్టేనని నా నమ్మకం. ఈ సభలో నేను చెప్పదలచుకున్నదంతా ఇదే. ఇక దీనికి తెలుగు నేల మీద ఉన్న రుజువులు చూద్దాం.

మన ఊళ్లను పుస్తకంలో పెట్టే పని వందేళ్ల నాడే మొదలైంది. ఎన్.జి. రంగా డెల్టా గ్రామాల ఆర్థిక వ్యవస్థ మీద రాసిన పుస్తకం 1926లో బెజవాడలో అచ్చయింది. నిజాం రాజ్యంలో ఎస్. కేశవ అయ్యంగార్ 1929-30లో ఆర్థిక సర్వేలు చేయించారు. హైమన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త రెండో ప్రపంచయుద్ధ కాలంలో ఇక్కడ ఉండిపోయి చెంచుల మీద, కొండరెడ్ల మీద, గోదావరి అవతల మన పొరుగున ఉన్న ఆదిలాబాద్ రాజ్‌గోండుల మీద వరుసగా పుస్తకాలు రాశారు. ఆయన పని గురించి వేరే ఉపన్యాసమే ఇవ్వాలి. ఇక్కడ శామీర్‌పేట దగ్గర ఆగుతాను.

1951-52లో ఉస్మానియా యూనివర్సిటీ నుంచి ఒక బృందం హైదరాబాద్‌కు కొంత దూరంలో ఉన్న శామీర్‌పేటకు వెళ్లింది. నాయకుడు శ్యామాచరణ్ దూబే. అప్పటికి ఆయనకు దాదాపు ముప్ఫై ఏళ్లు. పోలీసు చర్య జరిగి మూడేళ్లయింది, జాగీర్లు రద్దయి రెండేళ్లయింది. ఊరి జనం దాదాపు 2,500. ఆ బృందంలో సమాజశాస్త్రం వాళ్లే కాదు, వైద్యం, వ్యవసాయం, పశువైద్యం, విద్య చదివేవాళ్లు కూడా ఉన్నారు. సామాజిక సేవా విస్తరణ ప్రాజెక్టు అని దానికి పేరు. మనిషికి మందిచ్చేవాడు, ఎద్దుకు మందిచ్చేవాడు, పెళ్లి ఆచారాలు రాసుకునేవాడు కలిసి ఒకే ఊళ్లో పని చేశారు. సారు చేతిలోని సోషల్ పుస్తకంలాగా శాస్త్రాల మధ్య గోడలు లేని బృందం అది. ఆ పని నుంచి వచ్చిన పుస్తకం 1955లో లండన్‌లో అచ్చయింది. స్వతంత్ర భారతదేశంలో ఒక ఊరిని సమగ్రంగా చూపించిన తొలి పుస్తకాల్లో అదొకటి. దేశదేశాల్లో విద్యార్థులు దాన్ని చదివారు. శామీర్‌పేట ఇప్పుడు హైదరాబాద్‌లో దాదాపు కలిసిపోయింది. ఔటర్ రింగ్ రోడ్డు, జీనోమ్ వ్యాలీ, రిసార్టులు వచ్చాయి. తమ తాతల బతుకు ప్రపంచానికంతటికీ పాఠమైందని ఆ ఊరి బడిలో చదివే పిల్లలకు తెలియాలి. ఆ పుస్తకం వాళ్ల బడి బీరువాలో తెలుగులో ఉండాలి.

దూబే తర్వాత పాతికేళ్లకు వచ్చిన పని మీద ఇంకొంచెం ఎక్కువసేపు ఉంటాను. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పేరు మీ అందరికీ తెలుసు. జొన్న, కంది, శనగ విత్తనాల సంస్థగా తెలుసు. 1975లో ఆ సంస్థ ఆర్థికవేత్తలు ఆరు ఊళ్లను ఎంచుకున్నారు. రెండు అప్పటి పాలమూరు జిల్లాలోని ఔరేపల్లి, డోకూరు. మిగతా నాలుగు మహారాష్ట్రలోని షోలాపూర్, అకోలా జిల్లాల్లో ఉన్నాయి. ఒక్కో ఊళ్లో 40 కుటుంబాలు. భూమి లేనివాళ్లు పది, చిన్న రైతులు పది, మధ్యతరగతి పది, పెద్ద రైతులు పది. ఇందులో గొప్ప సంగతి ఏమిటంటే, వివరాలు సేకరించే మనిషి ఆ ఊళ్లోనే ఇల్లు తీసుకుని ఉండేవాడు. కొన్ని వారాలకోసారి అవే ఇళ్లకు వెళ్లి ఏం పండింది, ఏం తిన్నారు, ఎవరికి అప్పిచ్చారు, ఎవరి దగ్గర తెచ్చారు, ఏ పనికి ఎన్ని రోజులు వెళ్లారు అని రాసుకునేవాడు. అట్లా ఏళ్ల తరబడి సాగింది. ఔరేపల్లి గీతకార్మికుల ఇళ్లలో ఏ ఏడు ఎంత గింజ ఖర్చయిందో ప్రపంచంలోని పెద్ద పెద్ద యూనివర్సిటీల్లో తెలుసు. పేదదేశాల పల్లె కుటుంబాల గురించి ఇంత ఓపికగా, ఇంతకాలం పోగుచేసిన సమాచారం ఎక్కడా ఎక్కువగా లేదు.

ఆ ఊళ్లలో హాన్స్ బిన్స్‌వాంగర్ అనే ఆర్థికవేత్త ఒక ఆట ఆడించాడు. రైతు సాహసించడు, కొత్తదానికి భయపడతాడు, అందుకే పేదవాడుగా ఉండిపోతాడు అని అప్పట్లో పుస్తకాలు రాసేవాళ్లు గట్టిగా నమ్మేవాళ్లు. దాన్ని పరీక్షించడానికి ఆయన నాణెం చేతికిచ్చాడు. ఒక పద్ధతి ఎంచుకుంటే బొమ్మ పడినా బొరుసు పడినా 50 పైసలు. ఇంకోటి ఎంచుకుంటే ఒకవైపు పడితే 40 పైసలు, రెండోవైపు పడితే 120. మరోటి ఎంచుకుంటే 30 లేదా 150. చివరిది ఎంచుకుంటే ఒకవైపు సున్నా, రెండోవైపు 2 రూపాయలు. ఏది ఎంచుకోవాలన్నది ఆడేవాళ్ల ఇష్టం. గెలిచిన డబ్బు నిజంగా చేతిలో పెట్టేవాళ్లు. తర్వాత పందెం పదింతలైంది, వందింతలైంది. వందింతల ఆటలో ఖాయంగా వచ్చేది 50 రూపాయలు, తెగిస్తే సున్నా లేదా 200. కూలీకి రోజుకు కొద్ది రూపాయలే దొరికే కాలం అది. అంత డబ్బు ముందు పెట్టినప్పుడు ఎవరూ మాటవరసకు జవాబు చెప్పరు.

1980లో వచ్చిన ఆ ఫలితాలు చాలామంది నమ్మకాన్ని తిరగేశాయి. పైసల ఆటలో ఎవరికి తోచినట్టు వాళ్లు ఆడారు. పందెం పెరిగేకొద్దీ దాదాపు అందరూ మధ్యలో ఉన్న పద్ధతులకే వచ్చారు. పూర్తిగా భయపడిందీ లేదు, పూర్తిగా తెగించిందీ లేదు. ధనికుడూ పేదవాడూ ఎంచుకున్న తీరులో పెద్ద తేడా కనిపించలేదు. అంటే పేదవాడు ఎరువు కొనకపోవడానికి కారణం గుండెలో పిరికితనం కాదు. అప్పు పుట్టకపోవడం, చేతిలో పైసలు లేకపోవడం. ఈ మాట ఔరేపల్లిలో ఏ రైతునడిగినా చెప్పేవాడని మీలో కొందరు అనుకోవచ్చు. చెప్పేవాడు, నిజమే. కానీ బ్యాంకులు, విస్తరణాధికారులు అతని మాట వినలేదు. నాణెం ఎగరేసి అంకెల్లో చూపించాక, ఆ మాటను పిరికితనం కింద కొట్టిపారేయడానికి వీలు లేకుండా పోయింది. పరిశోధనకు ఉన్న బలం ఇదే. దాన్ని నేను తక్కువ చేయను.

ఇవే లెక్కలను తీసుకుని రాబర్ట్ టౌన్‌సెండ్ 1994లో ఇంకో ప్రశ్న వేశాడు. ఒక ఇంటికి కష్టం వచ్చినప్పుడు ఊరు ఎంతవరకు ఆదుకుంటుంది? పంట పోయిన ఏడు ఆ ఇంటి తిండి కూడా అంతే తగ్గుతుందా? లెక్క వేస్తే, ఒక ఇంటి ఖర్చు ఆ ఇంటి సొంత ఆదాయంతో కన్నా ఊరి సగటుతో కలిసి ఎక్కువగా కదులుతోందని తేలింది. చేబదుళ్లు, బంధువుల సాయం, గింజల అప్పులు అన్నీ కలిసి ఒక రకమైన బీమాగా పని చేస్తున్నాయన్నమాట. భూమి లేనివాళ్లకు ఆ ఆసరా తక్కువ. మూడేళ్లకు మార్టిన్ రావలియన్, శుభం చౌధురి అవే అంకెలు మళ్లీ తిరగేశారు. ఇంటి తిండి ఖర్చును లెక్కగట్టిన పద్ధతిలోనే లోపముందని, సరిచేసి చూస్తే ఇంటి సొంత ఆదాయం ప్రభావం ముందు అనుకున్నదానికన్నా ఎక్కువని చూపించారు. గాదెలో గింజ తగ్గింది కాబట్టి తిన్నారనుకోవాలా, ఎవరికో కొలిచిచ్చారనుకోవాలా అన్నంత చిన్న విషయం మీద పెద్ద సిద్ధాంతం ఊగిపోయింది. ఆ వాదన అంతా ఔరేపల్లి అమ్మల గాదెల గురించి. అది జరిగింది మాత్రం అమెరికా నుంచి వచ్చే ఒక పత్రికలో, గణిత సూత్రాల్లో. ఆ చర్చలో ఔరేపల్లి మనిషి ఒక్కరు కూర్చుని ఉంటే ఎంత బాగుండేదో అని నేను ఇప్పటికీ అనుకుంటాను.

ఆ సమాచారం నుంచే 1989లో వచ్చిన ఇంకో వ్యాసం ఇక్కడున్న ఆడబిడ్డల తల్లిదండ్రులకు ఆసక్తిగా ఉంటుంది. రోజెన్‌వైగ్, స్టార్క్ అనే ఇద్దరు ఆడపిల్లల పెళ్లిళ్లు ఎంత దూరంలో జరుగుతున్నాయో చూశారు. ఆదాయం ఒక ఏడు ఎక్కువ, ఒక ఏడు తక్కువగా ఊగిసలాడే ఇళ్లు బిడ్డలను దూరపు ఊళ్లకు ఇస్తున్నాయని కనిపించింది. ఇక్కడ వాన పడకపోతే అక్కడ పడి ఉండవచ్చు, వియ్యంకుడి దగ్గర చేయి చాపవచ్చు. మనకు గోదావరి అవతల ధర్మాబాద్ వైపు, మంజీర అవతల బిలోలీ వైపు చుట్టరికాలున్నాయి. ఏ చుట్టరికానికైనా వంద కారణాలుంటాయి, వాన ఒక్కటే కారణమని నేననను. అయినా ఆర్థికశాస్త్రం, పెళ్లి ఆచారం కలిసి కూర్చుంటేనే కనిపించే సంగతి ఇది.

ఇక్రిశాట్‌లో పని చేసిన ఎన్.ఎస్. జోధా గురించి చెప్పకుండా ముందుకు పోలేను. ఆయన రాజస్థాన్‌లో రెండు ఊళ్లను ఇరవై ఏళ్ల తేడాతో చూసి 1988లో ఒక వ్యాసం రాశారు. కొన్ని కుటుంబాల ఆదాయం లెక్క ప్రకారం తగ్గింది. మామూలు సర్వే అయితే వాళ్లు ఇంకా పేదవాళ్లయ్యారని రాసి వెళ్లిపోయేది. జోధా వాళ్లనే అడిగారు: బాగుపడటమంటే మీ దృష్టిలో ఏంటి? దొర స్థలంలో కాపురముండే అవసరం లేకపోవడం, తిండిగింజల కోసం మొదటా చివరా దొర గడపకే పోనక్కరలేకపోవడం, రోజూ కాళ్లకు చెప్పులుండటం అని చెప్పారు. ఆ కొలతలతో చూస్తే అవే కుటుంబాలు ముందుకన్నా బాగున్నాయి. రూపాయి తగ్గింది, ఎవరి ముందూ వంగాల్సిన పని కూడా తగ్గింది. కొలబద్దను ఊరి చేతికిస్తే ఏమవుతుందో జోధా చూపించారు. ఆ తర్వాత ఆ దారిలో నడిచినవాళ్లు తక్కువ కావడం నాకు బాధగా ఉంటుంది.

2000 తర్వాత తెలుగు నేల ప్రపంచానికి పెద్ద ప్రయోగశాల అయింది. పాలమూరులో వాన బీమా అమ్మి రైతులు ఎందుకు కొనరో పరిశీలించారు. ధర ఎంత అన్నదానితో పాటు, చెప్పేది నమ్మకమున్న సంస్థా కాదా అన్నది కూడా నిర్ణయాన్ని మారుస్తుందని తేలింది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఉమ్మడి రాష్ట్రంలో 200 ప్రభుత్వ బడుల్లో టీచర్లకు పిల్లల చదువును బట్టి బోనస్ ఇస్తే ఏమవుతుందో చూశారు. రెండేళ్లలో పిల్లలు లెక్కల్లో, భాషలో మెరుగయ్యారు. 2018లో రైతుబంధు చెక్కులు పంచేటప్పుడు, మీ పనితీరును రైతులకు ఫోన్ చేసి అడిగి కొలుస్తామని కొన్ని మండలాల అధికారులకు ముందే చెప్పారు. అక్కడ చెక్కులు కాస్త ఎక్కువమందికి సకాలంలో అందాయి. చాలా తక్కువ ఖర్చుతో అయిన పని. ఇవన్నీ మంచి పరిశోధనలు. వీటి వివరాల్లోకి పోను, ఎందుకంటే నాకు మన పసుపు దగ్గరికి రావాలనుంది.

పసుపు దుంప మీద పరిశోధనకు కమ్మర్‌పల్లిలో కేంద్రముంది. ఏ రకం ఎంత దిగుబడినిస్తుంది, దుంపకుళ్లు ఎట్లా ఆపాలి అన్నవి అక్కడ చూస్తారు. ఆ దుంపను పండించే మనిషి గురించి ఏ కేంద్రం చూస్తుంది? ఒక సర్వే ఫారం తీసుకుందాం. అందులో ఒక ప్రశ్న తప్పకుండా ఉంటుంది: కుటుంబ నెలసరి ఆదాయం ఎంత?

మాక్లూర్‌లో ఒక పసుపు ఇంటికి ఈ ప్రశ్న వేసి చూడండి. జూన్‌లో విత్తనం పెట్టాడు. ఎనిమిది తొమ్మిది నెలలు చేను ఖర్చే తప్ప రాబడి లేదు. జనవరి, ఫిబ్రవరిలో తవ్వాడు. కొమ్ము వేరు, మండ వేరు చేశాడు. ఉడకబెట్టి, కల్లంలో ఆరబోసి, పాలిష్ పట్టించి, సంచుల్లోకి ఎత్తి నిజామాబాద్ గంజ్‌కు పంపాడు. అక్కడ ధర నచ్చకపోతే కొందరు సాంగ్లి దాకా పోతారు, కొందరు సరుకును నిల్వ పెడతారు. డబ్బు వచ్చేసరికి ఏప్రిల్ కావచ్చు, మే కావచ్చు. వచ్చినదాంట్లో కమీషన్ ఏజెంటు దగ్గర ముందే తెచ్చుకున్నది పోతుంది. మధ్యలో ఎర్రజొన్న వేస్తే ఆ లెక్క వేరు. కొడుకు గల్ఫ్ నుంచి పంపేది ఒక నెల వస్తుంది, రెండు నెలలు రాదు. కోడలు బీడీలు చుడితే వెయ్యికి ఇంత అని ఆమెకు వస్తుంది, ఆకు తక్కువ పడితే కోత పడుతుంది. అత్తకు పింఛను. ఇప్పుడు చెప్పండి, నెలసరి ఆదాయం ఎంత? ఎదురుగా నిల్చున్న పంతులును ఎక్కువసేపు నిలబెట్టడం బాగుండదని ఇంటాయన ఏదో ఒక అంకె చెబుతాడు. ఆ అంకె ఫారంలోకి, ఫారం నుంచి కంప్యూటర్‌లోకి, కంప్యూటర్ నుంచి నివేదికలోకి పోతుంది. అక్కడ దశాంశ స్థానాలతో సహా కనిపిస్తుంది. అది ఆదాయం లెక్క కాదు, ఆ ఇంటాయన మర్యాద.

మరి అసలు లెక్క ఎట్లా తెలుస్తుంది? ఔరేపల్లిలో తెలిసినట్టే. ఊళ్లో ఉండి, పంట వెంట నడిచి, తవ్వకం రోజు ఒకసారి, గంజ్‌కు పోయిన రోజు ఒకసారి, అమ్మకం పట్టీ చేతికొచ్చిన రోజు ఒకసారి అడిగితే తెలుస్తుంది. కోడలిని కోడలిగా, అత్తను అత్తగా విడిగా అడిగితే తెలుస్తుంది.

2019 సంగతి మీకు నేను గుర్తు చేయనక్కరలేదు. ఆ ఫిబ్రవరిలో ఆర్మూర్ దగ్గర రోడ్డు మీద పసుపు, ఎర్రజొన్న రైతులు కూర్చున్నారు. పసుపుకు క్వింటాలుకు 15 వేలు, ఎర్రజొన్నకు 3,500 కావాలన్నారు. ఏప్రిల్‌లో లోక్‌సభ ఎన్నికలు వచ్చేసరికి నిజామాబాద్ స్థానంలో 178 మంది రైతులు నామినేషన్ వేసి బరిలో నిలిచారు. మొత్తం అభ్యర్థులు 185 మంది. అంతమంది పేర్లు పట్టేందుకు ఒక్కో పోలింగ్ కేంద్రంలో వరుసగా ఓటింగ్ యంత్రాలు పేర్చాల్సి వచ్చింది. లోక్‌సభ అభ్యర్థి డిపాజిట్ 25 వేలు, ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు అందులో సగం. పోలైన చెల్లుబాటు ఓట్లలో ఆరో వంతుకు మించి రాకపోతే అది పోతుంది. గెలవరని తెలిసి, డిపాజిట్ పోతుందని తెలిసి అంతమంది కట్టారు. బిన్స్‌వాంగర్ నాణెం ఆటలో పందెం పెరిగితే మధ్యదారి ఎంచుకున్న రైతు, ఇక్కడ ఖాయంగా పోయే పందెం వేశాడు. ఎందుకు? ఆ డబ్బు ఎవరి చేతిలోది, ఊరు చందా వేసిందా? ఏ ఊరి నుంచి ఎవరు నిలబడాలో ఎట్లా తేల్చారు? కులాల వారీగా పంచుకున్నారా? భూమి లేని కౌలురైతు అందులో ఉన్నాడా? నామినేషన్ వేసిన ఇంట్లో ఆడవాళ్లు ఏమన్నారు? రైతులు అడిగిన పసుపు బోర్డును 2023 అక్టోబరులో ప్రకటించారు, 2025 సంక్రాంతి రోజున నిజామాబాద్ కేంద్రంగా ప్రారంభించారు. రాజకీయ నాయకులు దాని ఘనత తమదని చెప్పుకుంటారు, చెప్పుకోనివ్వండి. నాకు కావలసింది ఆ 178 మంది నోట వచ్చే జవాబులు. ఆ మనుషులు ఇంకా మన మధ్యే ఉన్నారు. కొందరు ఈ సభలోనూ ఉండవచ్చు. ఆర్థికశాస్త్రం, రాజనీతిశాస్త్రం, మనస్తత్వశాస్త్రం మూడూ కలిసి చేయాల్సిన పని ఇది. మన కాలేజీ పిల్లలు చేయగలరు కూడా. నాకు తెలిసి ప్రజాస్వామ్యం గురించి ఇంతకన్నా మంచి పీహెచ్‌డీ అంశం ఈ జిల్లాలో లేదు.

ఊరివాళ్లను ఇట్లా అడగడంలో ఒక చిక్కు ఉంది, దాన్ని దాచను. మన జిల్లాలో గ్రామాభివృద్ధి కమిటీల బలం మీకు తెలుసు. గుళ్లు కట్టించిన కమిటీలున్నాయి, బడులు బాగుచేయించిన కమిటీలున్నాయి. కొన్ని కుటుంబాలను వెలివేసి, వాళ్లతో మాట్లాడితే జరిమానా వేసినవీ ఉన్నాయి. పత్రికల్లో వచ్చాయి, పోలీసు కేసులయ్యాయి. ఊరి మధ్య కుర్చీ వేసుకుని పది మంది ముందు "కమిటీ ఎట్లా పని చేస్తుంది?" అని అడిగితే "మంచిగనే ఉన్నది సార్" అంటారు. ఆ జవాబును నమ్మి రాసుకుపోయేవాళ్లు ఊరికి అన్యాయం చేస్తారు. అందుకే ఫలితాలు ఊరికి చెప్పాలంటున్నప్పుడు ఎవరి పేరూ, ఏ ఇల్లూ బయటపడకుండా చెప్పడమన్నది నేర్చుకోవాల్సిన విద్య. చెప్పినవాళ్లకు హాని కలిగితే ఏ జ్ఞానమూ ఆ నష్టాన్ని పూడ్చలేదు.

భాష సంగతి కూడా చెప్పాలి. ఉస్మానియా 1918లో ఉర్దూ మాధ్యమంతో మొదలైంది. దానికి ముందే ఒక అనువాద విభాగాన్ని పెట్టి పెద్ద చదువుల పుస్తకాలను ఉర్దూలోకి తెప్పించారు. పెద్ద చదువు మన దేశభాషలో చెప్పవచ్చని ఆనాడే రుజువైంది. తెలుగు అకాడమీ 1968లో వచ్చింది. డిగ్రీ పిల్లలకు సమాజశాస్త్రం, అర్థశాస్త్రం పుస్తకాలు తెలుగులో అందించింది. 1982లో జి. రాంరెడ్డి గారు సార్వత్రిక విశ్వవిద్యాలయాన్ని నిలబెట్టారు. పొలం పని చేసుకునేవాళ్లు, ఇంటి పట్టునున్న ఆడవాళ్లు డిగ్రీలు తెచ్చుకున్నారు. పాఠ్యపుస్తకం తెలుగులోకి వచ్చింది. పరిశోధన రాలేదు. ఔరేపల్లి గురించి రాసినదాన్ని ఔరేపల్లిలో డిగ్రీ చదివిన పిల్ల చదవలేదు. పరిశోధనకు డబ్బిచ్చే ప్రతి సంస్థా పది పేజీల తెలుగు సారాంశం ఊరికి ఇవ్వాలని నియమం పెడితే దానికయ్యే ఖర్చు, పరిశోధకులు ఒక్కసారి విమానంలో తిరిగినంత కూడా కాదు.

ఇప్పుడు మన ముందున్న పని. 2014 ఆగస్టు 19న ఒక్కరోజులో రాష్ట్రమంతా సమగ్ర కుటుంబ సర్వే చేశారు. బొంబాయి, భివండీ నుంచి బస్సులకు వేలాడుతూ జనం సొంతూళ్లకు వచ్చారు. లెక్కలో లేకపోతే రేషన్ కార్డు పోతుందని భయం. మళ్లీ 2024 నవంబరులో ఇంటింటి సర్వే జరిగింది. బడిపంతుళ్లు కూడా తిరిగారు. 3 కోట్ల 54 లక్షల మంది వివరాలు వచ్చాయి. బీసీలు, ముస్లిం బీసీలను కలుపుకుంటే 56.33 శాతమని, ఎస్సీలు 17.43, ఎస్టీలు 10.45 శాతమని 2025 ఫిబ్రవరిలో ప్రకటించారు. ఆ శాతాల మీద పెద్ద చర్చ జరిగింది, జరగాలి. ఆ సర్వేలోని యాభైకి పైగా ప్రశ్నల్లో చదువు, భూమి, అప్పు, వలస కూడా ఉన్నాయి. వాటిలో మన ఊరి లెక్క, పేర్లు లేకుండా, మన పంచాయతీ గోడ మీద కనిపించాలని అడిగే హక్కు మనకుంది.

జనగణన కూడా వస్తోంది. ముందు ఇళ్ల జాబితా, ఆ తర్వాత 2027 ఫిబ్రవరిలో జనాభా లెక్కింపు. 1931 తర్వాత మొదటిసారి జనగణనలో అన్ని కులాల లెక్కా తీస్తారు. ఫిబ్రవరి అంటే మనకు పసుపు ఉడకబెట్టే కాలం. ఆడవాళ్లు, మగవాళ్లు పొద్దున్నే కల్లాల దగ్గరుంటారు. ఎన్యూమరేటర్ వచ్చేసరికి ఇంట్లో ఉండేది ముసలివాళ్లు, బడికి పోని రోజు పిల్లలు. ఇంటామె ఏం పని చేస్తుందో వాళ్లు చెబుతారు. అది మళ్లీ ఖాళీ గడిగా పోకూడదంటే ముందే కొంత పని జరగాలి. డ్వాక్రా సంఘాల సమావేశాల్లో ఒక్కసారి ఈ సంగతి మాట్లాడుకోవాలి. బీడీ చుట్టేవాళ్లు, పసుపు తవ్వేవాళ్లు, బర్రె పాలు డెయిరీకి పోసేవాళ్లు తాము ఏడాదిలో ఎన్ని రోజులు ఏ పని చేస్తారో ముందే లెక్క చూసుకోవాలి. డ్యూటీ పడిన టీచర్లు కల్లానికి రావడానికి వెనకాడరు, ఏ కల్లంలో ఎవరున్నారో చెప్పేవాళ్లుంటే చాలు. అది కాలేజీ పిల్లల పని. లెక్కలు ప్రకటించాక మండలాఫీసు నుంచి ఊరి అంకెలు రాసుకొచ్చి బడిలో నల్లబల్ల మీద రాయడానికి ఇద్దరు పేర్లు ఇవాళే ఇవ్వండి. సభ అయిపోయాక నేను ఇక్కడే ఉంటాను, రాసుకుంటాను.